వదిన తాగిన పాలు

సీరియల్లో ఆమె చిన్నకోడలు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఏడవడమే ఉద్యోగం. భర్తకు అక్క అయిన వదిన మెట్ల మీద నుంచి తోస్తే, కాలు జారిందనుకుంది. అదే వదిన గొలుసు దాచి దొంగతనం అంటగడితే, తనే తీసి మరిచిపోయిందేమోనని అందరికీ క్షమాపణ చెప్పుకుంది. అంత మంచిది!

ఆ వేషం కట్టిన అమ్మాయి బయట చురుకైనదే. నమ్మేవాళ్లే లేరు. కూరగాయల కొట్టాయన వంకాయలు తూస్తూ, "పాపా, మీ వదినతో జాగ్రత్త" అనేవాడు. ఇంట్లో అమ్మ సంగతి సరేసరి.

"తోసింది ఆవిడేనని లోకమంతా చూసింది. నీకొక్కదానికే కనపళ్లేదుటే?"

"వెనక్కి తిరగొద్దని డైరెక్టర్ చెప్పాడమ్మా."

"ఆయన చెబితే మాత్రం? నీ బుర్ర ఏమైంది?"

ఆ రోజు షూటింగులో వదిన విషం కలిపిన పాలు తెచ్చివ్వాలి. చిన్నకోడలు "మీరెంత మంచివారు వదినా" అంటూ గటగటా తాగెయ్యాలి. గ్లాసు పెదవుల దాకా వచ్చింది. అమ్మ దెప్పులు చెవిలో గింగిరుమన్నాయో ఏమో, "ముందు మీరు తాగండి వదినా!" అనేసింది.

సెట్టంతా నోరు వెళ్లబెట్టింది. వదిన వేషంలో ఉన్నావిడ మాత్రం ఆ రంగంలో పండిపోయిన మనిషి. రెప్ప వెయ్యకుండా గ్లాసు అందుకుని, చుక్క మిగల్చకుండా తాగి, కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"ఇప్పటికైనా నమ్మకం కుదిరిందా తల్లీ?"

డైరెక్టర్ కట్ చెప్పడం మరిచిపోయాడు. ఆ సాయంత్రమే ప్రసారం కావాలి, మళ్లీ తీసే వ్యవధి లేదు. వదిన పాలల్లో విషం కలిపే ముక్క కత్తిరించి పంపేశారు.

మర్నాడు కూరగాయల కొట్టాయన ముఖం తిప్పుకున్నాడు. అమ్మ అయితే కంచం ముందే దులిపేసింది.

"పాలు తెచ్చిచ్చిన మనిషిని అనుమానిస్తావా? నిన్ను నేను ఇలాగేనా పెంచింది?"

"నువ్వేగా బుర్ర వాడమన్నావు!"

"పెద్దదాని మీద వాడమన్నానా?"

జనమంతా వదిన పక్షమే. దాంతో చిన్నకోడలు ఆవిడ కాళ్ల మీద పడే సన్నివేశం హడావుడిగా రాయించారు. అమ్మాయి పడింది. ఉక్రోషంతో నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత సహజంగా ఎన్నడూ చెయ్యలేదని డైరెక్టర్ పొంగిపోయాడు.

లేవనెత్తుతూ ఆవిడ అమ్మాయి చెవిలో గుసగుసలాడింది: "పిచ్చిపిల్లా, నీ వేషానికి తెలివొస్తే కథ అక్కడే ఆగిపోదూ? తెలివి కావాలంటే నా వేషంలోకి రా."

ఆ మాట అమ్మాయి మనసులో పడిపోయింది. తర్వాతి సీరియల్‌కి పట్టుబట్టి వదిన వేషమే సంపాదించింది. మొదటి వారంలోనే కొత్త చిన్నకోడల్ని గదిలోకి నెట్టి గొళ్లెం పెట్టింది. ఆ నవ్వూ, ఆ కంటిచూపూ చూసి సెట్లో అందరూ చప్పట్లు కొట్టారు.

అది ప్రసారమైన సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడి ఉంది.

"ముందు ఆ పిల్లకి తలుపు తియ్యి. తర్వాతే నీకు అన్నం."

సీరియల్లో ఆ తలుపు వచ్చే నెల దాకా తెరుచుకోదాయె. ఆమె చెప్పులు విప్పకుండానే హోటలు దారి పట్టింది.