మరియ ఖాళీగా ఉంచిన చోటు

నా భార్య మరియకుమారి ఏ డాన్సు చేస్తుందని మా చర్చిలో ఎవరైనా అడిగితే "ఏదో ఎక్సర్‌సైజులెండి" అని తప్పించుకునేవాణ్ణి. ఫ్లామెంకో అంటే మళ్లీ స్పెయిన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పైగా ముఖం అంత బాధగా పెట్టుకుని నేలను అలా తన్నడం డాన్సెలా అవుతుందో నాకే అంతుబట్టలేదు, ఇంకొకరికేం చెప్పను?

మాది పాలకొల్లు. ఆమె అబుదాబిలో నర్సు, నేను ఆ ఊరి శివారు ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో స్టోర్ కీపర్ని. కరోనా వచ్చిన మరుసటి ఏడు రొసారియో అనే స్పెయిన్ డాన్సు టీచరు తుంటి ఆపరేషనుకి వీళ్ల ఆస్పత్రిలో చేరింది. ఆవిణ్ణి వరండాలో నడిపించే డ్యూటీ మరియది. నడక నేర్పిన నర్సుకి ఆవిడ మడమలు కొట్టడం నేర్పింది. అక్కడ మొదలైంది మా ఇంటి గోల. క్లాసులంది, అడుగున మేకులు కొట్టిన బూట్లంది. కింది ఫ్లాటు మలయాళీ ఆయన వచ్చి తలుపు కొట్టాడు. చూస్తూండగానే స్టేజీ ఎక్కింది, తనే డాన్సులు కూర్చి ఇంకొకరికి నేర్పే స్థాయికి వచ్చింది.

ఇప్పుడు రొసారియో స్పెయిన్ వెళ్లిపోతూ స్కూలు మరియని నడపమంది. నడపాలంటే ఆస్పత్రి మానెయ్యాలి. గ్యారేజీవాళ్లు నాకు వీసా ఇవ్వలేదు, నా వీసా ఉన్నదేమో ఆమె ఆస్పత్రి ఉద్యోగం మీద!

"శనివారం సాయంత్రం నేను కూర్చిన డాన్సుందండి. ఒక్కసారి వచ్చి చూడండి. చూశాక మీరొద్దంటే మానేస్తాను," అంది మరియ.

వద్దనడానికే వెళ్లాను. కరోనా వార్డులో అన్ని నెలలు పనిచేసి కూడా ఇంట్లో కంటతడి పెట్టని మనిషి, ఈ డాన్సు పట్టుకున్నాక ముఖంలో ఏడుపు తెచ్చుకుంది. అందుకే నాకిది గిట్టలేదు. ఉన్న బాధలు చాలక బాధపడ్డం క్లాసులకెళ్లి నేర్చుకోవడమేమిటి?

ముందు వరసలో కూర్చోబెట్టారు. గిటారు మొదలైంది. పాటగాడు చావింట్లో ఏడ్చినట్టు గొంతెత్తాడు. మరియ నల్ల గౌనులో వచ్చింది. నడుస్తుంది, ఆగుతుంది, లేని మంచం మీదికి వంగి లేని చెయ్యి పట్టుకుంటుంది, మళ్లీ నడుస్తుంది. నెమ్మదిగా మొదలైన మడమలు వేగం అందుకున్నాయి. ఇది కోపమా, మొరా? నాకు బుర్ర తిరిగిపోయింది. ఎప్పుడు తల వంచానో తెలీదు, ఇళ్లలో ప్రార్థన పెట్టుకున్నప్పటిలాగే కళ్లు మూసుకుని కూర్చున్నాను.

ఉన్నట్టుండి పాట ఆగింది. మడమలూ ఆగాయి. ప్రార్థన ఆగితే మావాళ్ల నోరు ఊరుకోదు.

"ఆమేన్!" అన్నాను, హాలంతా వినపడేలా.

జనం నావైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. కళ్లు తెరిస్తే మరియ స్టేజీ మధ్య కదలకుండా నిలబడి ఉంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. కాసేపటికి మళ్లీ మడమలు అందుకుంది.

అయిపోయాక లోపలికెళ్లాను. "తప్పైపోయింది మరియా. నీ డాన్సు పాడుచేశాను."

"పాడేం కాలేదండి," అంది, బూట్లు విప్పుతూ. "ఆ ఆగిన చోటు మా వార్డులో పోయినోళ్లకోసం పెట్టాను. తలకాడ అయినోళ్లెవరూ లేరు. ప్రార్థన మొదలెడితే పక్క మంచం కాడ అలారం మోగేది, పరిగెత్తేదాన్ని. ఒక్కళ్లకీ ఆమేన్ దాకా రాలేదండి. అందుకే అక్కడ ఖాళీగా వదిలేశాను. రిహార్సల్లో చూసినోళ్లంతా ఆ చోటు బావుందన్నారు. ఏదో ఒకటి అన్నది మీరొక్కరే."

ఆ వార్డు గురించి నేనెన్నడూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. డాన్సు అర్థమైందా అంటే, ఒట్టు, కాలేదు.

"మరి చెప్పండి. ఏది మానెయ్యమంటారు?"

"ఆస్పత్రి," అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

వీసాకి ఏం చెయ్యాలో ఇప్పటికీ తోచడం లేదు. వచ్చే నెల దుబాయ్‌లో మళ్లీ అదే డాన్సు వేస్తోంది, ముందు వరసలో నాకొక కుర్చీ ఉంచమని చెప్పిందట. అక్కడ కూర్చుని ఏం చూడాలో నాకు తెలీదు గానీ, ఎక్కడ నోరు తెరవాలో మాత్రం తెలుసు.