బానెట్ మీద చెయ్యి

నేను ఒక పాత జీపును. ఇప్పటికి మూడు చేతులు మారాను. కొన్నవాళ్లు ముగ్గురే కానీ, చూసిపోయినవాళ్లు ఎందరో. చూడటానికి వచ్చిన ప్రతివాడూ ముందు నా టైరును కాలితో తంతాడు. దానివల్ల ఏం తెలుస్తుందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. తరువాత ఎంత తిరిగిందో చూడటానికి మీటరు మీదికి వంగుతాడు. ఆ మీటరు ఆగిపోయి ముప్ఫై ఏళ్లు దాటింది. అయినా అంకె చూసి, ఫరవాలేదన్నట్టు తల ఊపుతాడు.

నేను పుట్టింది బొంబాయి వైపు ఒక కార్ఖానాలో. నాతోపాటు అదే వారం పుట్టినవాళ్లు చాలామంది పట్టాలమ్మట ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. నన్ను మలేరియా పనివాళ్లకిచ్చి రంపచోడవరం పంపారు. డీడీటీ పొడి, పిచికారీ పంపులు, నలుగురు మనుషులు, ఒక అన్నం క్యారేజీ. ఇదీ నా బరువు. పద్నాలుగేళ్లు కొండవాగులు దాటి గూడేలకు తిరిగాను. ఆ మందు వాసన నా వెనక సీటు కింద ఇంకా ఉంది. వాన పడితే పైకి లేస్తుంది.

పనికిరానని రాసి వేలానికి పెట్టిన రోజు పదిమంది వచ్చి టైర్లు తన్నారు. పదకొండోవాడు గవర్రాజు. అప్పటికి మీసం సరిగ్గా రాలేదు. అతను నా టైరు జోలికి పోలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, చల్లగా ఉందని చూసుకున్నాడు. ఆ తరువాతే స్టార్టు చేయమన్నాడు. ముందుగానే వేడి చేసి పెట్టిన బండి ఎంత ముసలిదైనా బుద్ధిగానే లేస్తుంది. దాని జబ్బు బయటపడేది చల్లగా ఉన్నప్పుడే. నేను లేచాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"మూడో సిలిండరు సణుగుతోందండి" అన్నాడు వేలం గుమాస్తాతో. "సణగనీండి. ఇంట్లో మనిషన్నాక సణగదా ఏంటి."

అలా నేను అతని ఇంటి మనిషినయ్యాను. మారేడుమిల్లి దారిలో ఇరవై ఆరేళ్లు సర్వీసు తిరిగాను. ఎనిమిదిమందికి చోటుంటే పద్దెనిమిదిమంది ఎక్కేవారు. మూడో సిలిండరు సణుగుతూనే ఉంది. అతను బాగు చేయించలేదు. ఆ చప్పుడు వినపడకపోతే తోచదనేవాడు.

అతని భార్య మంగతాయారు మాత్రం నన్ను ఇత్తడి సామానులాగే చూసింది. గుడారం గుడ్డ చిరిగితే గోనె సూదితో తనే కుట్టేది. ఇంజను కింద ఒక పాత స్టీలు పళ్లెం పెట్టి, రాత్రి ఎన్ని చుక్కల ఆయిలు కారిందో పొద్దున్నే చూసేది. మూడు చుక్కలైతే సరే. నాలుగోది పడితే మొగుణ్ణి పిలిచేది.

"ఇదిగో, మీ పెద్ద భార్యకి ఒంట్లో బాలేదు, చూసుకోండి" అనేది.

పెద్ద భార్యను నేనే.

తరువాత గవర్రాజుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోలేదు. అతని మంచం కిటికీ పక్కన వేశారు. ఆ కిటికీ సరిగ్గా నా షెడ్డులోకే తెరుచుకుంటుంది. వారం రోజులు నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ఎనిమిదో రోజు పొద్దున్న లోపలి నుంచి వినిపించింది.

"తాయారూ, ఓసారి దాన్ని తియ్యవే. విందాం."

"నాకేం తెలుసండీ."

"చెబుతాగా. చోక్ సగమే లాగు. పూర్తిగా లాగేవంటే పెట్రోలు తాగేసి పడుకుంటది. ఎడం కాలు క్లచ్ మీద ఉంచు. భయపడకు, అది నిన్నేం చెయ్యదు."

ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని ఎక్కింది. ఆ వయసులో కొత్తగా ఒకరు నన్ను నేర్చుకోవడం నాకూ సిగ్గుగానే అనిపించింది. మూడోసారికి లేచాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. లోపల అతను విన్నాడు.

"మూడోది సణుగుతోంది. మిగతాదంతా బాగుంది. ఇంక ఆపెయ్."

ఆనాటి నుంచి రోజూ పొద్దున్న ఆరున్నరకు, పాలు పొయ్యి మీద పెట్టి, ఆమె వచ్చి నన్ను తీసేది. కిటికీ వైపు తిరిగేది. అతను వినేవాడు, చెప్పేవాడు. ఎక్కడికీ వెళ్లేవాళ్లం కాదు. పాలు పొంగేలోగా అయిపోయే పని. రెండేళ్లు అలా జరిగింది. ఒక శ్రావణమాసంలో అతను పోయాడు.

పదకొండో రోజు వెళ్లాక చుట్టాలంతా సర్దుకున్నారు. మరునాడు ఆరున్నరకు ఆమె వచ్చింది. చోక్ సగం లాగింది. నేను లేచాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

అక్కడ పరుపు చుట్టిపెట్టిన మంచం ఉంది. జవాబు రాదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా, జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగేది. తరువాత తాళం తిప్పి పాల దగ్గరికి వెళ్లిపోయేది. తొమ్మిదేళ్లు, ఒక్క పొద్దు తప్పలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు బ్యాటరీ దిగిపోతుందని అనేది.

ఆ ఇల్లు అద్దెది. ఇంటి ఓనరు పట్టాభి రోడ్డు పక్కన షాపులు కట్టాలనుకున్నాడు. షెడ్డు శనివారానికి పడగొట్టాలి. ఆమెకు పై వాటా ఇస్తానన్నాడు. మంచివాడే. నాకే వాటా లేదు. ఎన్ని కొండలెక్కినా మేడమెట్లు ఎక్కే బండిని కాను.

"పాత ఇనుమాయనకి చెప్పేస్తానండి తాయారుగారూ, పట్టుకుపోతాడు" అన్నాడు పట్టాభి.

"ఇనుముకి ఇవ్వనండి" అంది ఆమె. "నడిపేవాళ్లకి ఇస్తాను."

"ఇప్పుడు దీన్ని నడిపేవాడెవడండీ."

"శనివారం వరకు ఆగండి. ఎవరూ రాకపోతే మీ ఇష్టం."

పట్టాభి నా ఫొటో తీసి ఎవరెవరికో పంపాడు. గురువారం పొద్దున్న రాజమండ్రి నుంచి ఒక పళ్ల డాక్టరు వచ్చాడు. పేరు సుధీంద్ర. పాత బండ్లంటే సరదా. వెంట బాజీ అనే మెకానిక్కును తెచ్చుకున్నాడు. వాళ్లు వస్తారని ఆమె ముందురోజే నన్ను కడిగి, తుడిచి, పళ్లెం కూడా తోమిపెట్టింది. ఆరున్నరకు ఎప్పటిలాగే తీసింది. ఆపి లోపలికి వెళ్లిందో లేదో వాళ్లు దిగారు.

బాజీ జేబులోంచి ఒక అయస్కాంతం తీసి నా ఒళ్లంతా ఆనించుకుంటూ వెళ్లాడు. ఇనుమున్న చోట అంటుకుంటుంది, పుట్టీ పూసి రంగు వేసిన చోట జారిపోతుంది. ఎక్కడా జారలేదు. కిందికి దూరి ఛాసిస్‌ను స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు. తుప్పు పొడి రాలలేదు. ఆమె కూడా ఊరుకోలేదు. డ్రైవరు కాళ్ల కింద రబ్బరు పట్టా తనే ఎత్తి చూపింది.

"ఇక్కడ తుప్పు తినేసిందండి. చెయ్యంత కంత. మీరు చూడలేదని తరవాత అనుకోకూడదు."

డాక్టరు నవ్వాడు. అమ్మేవాళ్లు కంతలు చూపించడం ఆయన ఎన్నడూ చూడలేదు కాబోలు. అప్పుడు బాజీ నా బానెట్ మీద చెయ్యి వేశాడు. వెంటనే తీశాడు.

"డాక్టరుగారూ, ఓసారి ముట్టుకోండి."

డాక్టరు ముట్టుకున్నాడు. ఆయన నవ్వు పోయింది.

"వేడిగా ఉందేంటమ్మా?" అని అడిగాడు.

"పొద్దున్న తీశానండి. రోజూ తీస్తాను."

"రోజూనా?" అన్నాడు బాజీ. "ఎక్కడికెళ్తారండి రోజూ?"

ఆమె ఏం చెబుతుంది. ఎక్కడికీ వెళ్లనని చెబితే, మరెందుకు తీస్తారని అడుగుతాడు. దానికి జవాబు ఆ కిటికీలో ఉంది. బానెట్ ముట్టుకోవాలన్న కిటుకు గవర్రాజు ఆమెకు చెప్పనేలేదు. నన్ను అమ్మే రోజు ఒకటి వస్తుందని అతను అనుకుంటే కదా.

"చూశారా, మన కోసం కాచి పెట్టేరు" అన్నాడు బాజీ, ఆమెకు వినపడేలాగే. "ఇంటికొచ్చినోళ్లకి కాఫీ కాచినట్టు. పదండి, ఇందులో ఏదో ఉంది."

కంతను తనే చూపిన మనిషి ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు.

"రేపు రండి" అంది. "రేపు ముట్టుకోను."

డాక్టరు సరేనన్నాడు.

శుక్రవారం ఆరున్నరైంది. వంటింట్లో పాలగిన్నె చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. ఆమె తాళంచెవి పట్టుకుని గడపలో నిలబడింది. మంచు పడుతున్న మాసం. నా బానెట్ మీద నీటిబొట్లు జారుతున్నాయి. ఆమె నా వైపు చూసి, మళ్లీ లోపలికి వెళ్లింది. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. అంత చల్లగా నేను లేవగలనా లేదా అన్నది నాకూ తెలియదు. లేవకపోతే రేపు షెడ్డు పడుతుంది, ఎల్లుండి నేను ఇనుమును.

ఎనిమిదింటికి బాజీ చెయ్యి ఆనించాడు. "చల్లగానే ఉందండి." ఎక్కి కూర్చుని చోక్ పూర్తిగా లాగాడు. నేను దగ్గాను, లేవలేదు. మళ్లీ లాగాడు. పెట్రోలు గొంతు నిండా వచ్చింది. బాజీ డాక్టరు వైపు చూసి పెదవి విరిచాడు.

"దిగు బాబూ" అంది ఆమె. "పెట్రోలు తాగేసింది. కాస్త ఆగాలి. ఈలోగా కాఫీ తాగండి. ఇది నిజంగా మీ కోసమే కాచాను."

డాక్టరు గట్టిగా నవ్వాడు. బాజీ తల దించుకుని గ్లాసు అందుకున్నాడు.

కాఫీలయ్యాక ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఎక్కింది. ఈసారి చోక్ ముట్టుకోలేదు. తాళం తిప్పి, కాలితో స్టార్టరు నొక్కింది. మొదటిసారికే లేచాను. లేవగానే, అలవాటుకొద్దీ, ఆమె కిటికీ వైపు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది.

నోరు తెరిచి ఉంచి, మాట్లాడలేని మనుషుల కళ్లలో నొప్పి ఎక్కడో చూడటం డాక్టరు వృత్తి. ఆయన ఆమెను చూశాడు. కిటికీని చూశాడు. లోపల పరుపు చుట్టిన మంచాన్ని, దానికెదురుగా గోడ మీద దండ వేసిన ఫొటోను చూశాడు. బాజీ ఏదో అనబోతే చేత్తో ఆపాడు. మెల్లగా అడిగాడు.

"ఎలా ఉందమ్మా?"

ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. అది ఆమె రోజూ ఆ కిటికీని అడిగే ప్రశ్న. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"మూడోది సణుగుతోంది" అంది. "మిగతాదంతా బాగుంది."

తాళం తిప్పి నన్ను ఆపింది. ఆ తాళాన్ని డాక్టరు చేతిలో పెట్టింది. కింద ఉన్న స్టీలు పళ్లెం తీసి, తుడిచి అదీ ఇచ్చింది.

"మూడు చుక్కలవరకు ఫరవాలేదండి. నాలుగోది పడితే చూపించండి" అంది. "పొద్దున్నే ఒకసారి..."

"అలాగేనమ్మా" అన్నాడు డాక్టరు, ఏం చెప్పబోయిందో అడగకుండానే.

ఇప్పుడు నేను రాజమండ్రిలో, ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఉన్నాను. పక్కన ఇంకో రెండు పాత బండ్లు ముసుగుల్లో ఉన్నాయి. వాటికి మాట్లాడే అలవాటు లేదు. డాక్టరు మొదట్లో పొద్దున్నే వచ్చేవాడు. మాట నిలబెట్టుకోవాలనే ఉంది పాపం, కానీ పేషెంట్లు. ఇప్పుడు ఆదివారాలు వస్తాడు, పదిగంటలకు. కాళ్ల కింద కంతకు కొత్త రేకు వేశారు. ఆయిలు కారడం ఆగింది. పళ్లెంలో మేకులు వేసుకున్నారు. బాజీ నా మూడో సిలిండరు కూడా బాగు చేశాడు. చాలా మంచి పనివాడు. ఇప్పుడు సణుగుడు లేదు, వినడానికి ఏమీ లేదు.

డాక్టరు స్నేహితులు నన్ను చూడటానికి వస్తుంటారు. టైరును తంతారు. మీటరు చూసి తల ఊపుతారు. తెలిసినవాడెవడైనా ఉంటే బానెట్ మీద చెయ్యి వేస్తాడు.

"చల్లగా ఉంది" అంటాడు.

అది మంచి గుర్తేనని బాజీ అందరికీ చెబుతాడు.