కూర్మమ్మ చూసిన పళ్ళెం

మనిషిని కంచం దగ్గర చూడాలనేది కూర్మమ్మ సిద్ధాంతం. కూతురు సుగంధికి వచ్చిన మూడు సంబంధాలూ కంచం దగ్గరే తప్పిపోయాయి. మొదటివాడు చారు రాకముందే చేప ముక్కలన్నీ ఏరుకు తిన్నాడు. రెండోవాడు తల్లి కలిపి పెడితే గాని ముద్ద ముట్టలేదు. మూడోవాడికి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు, అప్పడం మాత్రం మరీ చప్పుడు చేస్తూ నమిలాడు. జన్మంతా ఆ చప్పుడు ఎవరు వింటారని అడిగింది కూర్మమ్మ. మలేసియాలో, సుంగై పెటాని ఊళ్ళో చేతితొడుగుల ఫ్యాక్టరీలో సుగంధిది తనిఖీ పని. తొడుగుల్ని వెలుతురుకు పట్టి చిల్లులు వెతకాలి. చిల్లులు వెతకడం ఆ ఇంట్లో కొత్త విద్యేమీ కాదు.

ఇప్పుడు సుగంధికి ముప్పైతొమ్మిది. నాలుగోవాడు జగదీష్. పోర్ట్ క్లాంగులో కంటైనర్ల యార్డులో సూపర్‌వైజరు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఇపో అనే ఊరి గుడిలో జరిగిన తెలుగు సంఘం సభలో సుగంధే ఇతన్ని చూసుకుంది. అమ్మ ఊఁ అంటే చేసుకుంటాననీ, అనకపోతే ఇక పెళ్ళి ఊసే ఎత్తొద్దనీ చెప్పేసింది. కూతురు అంత గట్టిగా మాట్లాడటం ఎన్నడూ ఎరగదు గనుక కూర్మమ్మ ఆమెతో కలిసి పోర్ట్ క్లాంగుకు రైలెక్కింది.

జగదీష్ స్టేషనుకు వచ్చాడు. అత్త అనడానికి ఇంకా వరస కలవలేదు, పెద్దమ్మ అంటే సుగంధి అక్కో చెల్లో అయిపోతుంది. అందుకని "ఆంటీ" అన్నాడు. తెలివైనవాడే అనుకుంది కూర్మమ్మ.

తాను వారానికి రెండుసార్లు తినే హోటలుకే తీసుకెళ్ళాడు. మోటారుసైకిళ్ళ షెడ్డు పక్కన ఆరు బల్లల చోటు, ఎరిత్రియా వాళ్ళది. ఆ దేశం ఎక్కడుందని కూర్మమ్మ అడిగితే, ఆఫ్రికాలో ఎర్రసముద్రం ఒడ్డున అన్నాడు. తండ్రి ఒక మూల ఉల్లిపాయలు తరుగుతున్నాడు. తల్లి వంటింట్లో ఉంది. కూతురు సెమ్హర్ ఇక్కడి బళ్ళోనే చదువుకున్న పిల్ల, మలయ్ గడగడా మాట్లాడుతుంది. చెంబూ బేసినూ తెచ్చి ముగ్గురి చేతుల మీదా నీళ్ళు పోసింది. చెంబును చూశాక కూర్మమ్మకు ఆ ఇంటి మీద కాస్త గురి కుదిరింది.

ఆ గురి పళ్ళెం వచ్చేదాకానే. బండిచక్రమంత పళ్ళెం, దాని నిండా పరిచిన ఒకే ఒక్క పల్చటి అట్టు. ఇంజెరా అంటారట. దాని మీద కోడికూర, ఎర్రపప్పు, శనగపిండి కూర, ఆకుకూర కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. గొడ్డు మాంసం వద్దని జగదీష్ ముందే చెప్పి ఉంచాడు. చెప్పాల్సింది ఇంకొకటి ఉందని అతనికి తట్టలేదు. ముగ్గురికీ ఆ పళ్ళెం ఒక్కటే.

కూర్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంగిలి ఒక సంగతి. అంతకన్నా పెద్ద సంగతి, కూర్మమ్మ వాళ్ళలో ఆడా మగా ఒకే పళ్ళెంలో తినేది పెళ్ళిలో, బువ్వం నాడు. తాళి కట్టాక పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కలిసి తినే తిండి అది. తాతలు కూలికి వచ్చిన రబ్బరు ఎస్టేట్లు పోయినా, తెలుగు సగం అరవంలో కలిసిపోయినా, బువ్వం మాత్రం పోలేదు.

"ఏటిది? తాళి నేకుండానే బువ్వమెట్టీసినావా?" అంది.

జగదీష్ మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ ఒక్కడే తిన్నాడు. ఒంటరివాడికి ఒక్క పళ్ళెం వస్తే అందులో వింతేముంది? గబగబా వేరే పళ్ళేలు అడిగాడు. సెమ్హర్ లోపలికి వెళ్ళి, తల్లి మాట మోసుకొచ్చి మలయ్‌లో చెప్పింది.

"ఇస్తాం నెనెక్. మీలో ఎవరికి ఎవరితో మాటల్లేవో అమ్మ అడగమంది."

నెనెక్ అంటే అవ్వ. కూర్మమ్మ పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుంది. ఇలా అడిగిన మనిషిని చూడాల్సిందేనని లేచి తిన్నగా వంటింట్లోకి నడిచింది.

పులిసిన పిండి వాసన. మనం అట్టును నడిమి నుంచి అంచుకు తిప్పుతాం. సెమ్హర్ తల్లి అంచున మొదలుపెట్టి నడిమికి పోస్తోంది. పిండి ఎన్నాళ్ళు పులిసిందని అడిగితే మూడు రోజులన్నారు. ఏ గింజ అని అడిగితే గుప్పెడు తీసి అరచేతిలో పోశారు. చోడిగింజ, అదే రాగిగింజ, దాని పక్కన గుమ్మడికాయలా ఉంటుంది. ఆ సన్నగింజ వాళ్ళ ఊరినుంచి ఎవరైనా పెట్టెలో తెస్తేనే దొరుకుతుందట, అందుకే బియ్యప్పిండి కలుపుతారట. అట్టు నిండా చిల్లులు పడ్డాయి. ఆవిడ మూత పెట్టింది. ఎంతసేపటికీ తిరగెయ్యదే! చూసి చూసి కూర్మమ్మే చెయ్యి చాపబోయింది. ఆవిడ నవ్వుతూ ఆ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది.

"అవి దాని కళ్ళు నెనెక్," అంది సెమ్హర్. "తిరగేస్తే మూసుకుపోతాయి. అప్పుడు కూర పీల్చుకోదు. కూరల అడుగున నానిన ముక్కే అన్నిటికన్నా రుచి."

కూర్మమ్మ తిరిగొచ్చి కుర్చీని ఇద్దరి మధ్యకు లాక్కుని కూర్చుంది. ఆలోచిస్తే ఒకే పళ్ళెం మంచిదేననిపించింది. ఎవరూ ఏదీ దాచలేరు. పళ్ళెం మీద గాలిలోనే వేలితో గీతలు గీసి మూడు వంతులు చేసింది.

"నువ్వటు, ఇదిటు, మద్దిన నాను. ఎవులి సెయ్యీ గీత దాటకూడదు."

జగదీష్ తన మూడో వంతులో పరీక్ష రాస్తున్నవాడిలా తిన్నాడు. ముక్కలు ఏరలేదు. చప్పుడు చెయ్యలేదు. చూడటానికి ఇంకేమీ మిగలక కూర్మమ్మ చూపు రెండో పక్కకు తిరిగింది.

అక్కడ సుగంధి తింటోంది. కారానికి ముక్కు మీద చెమట పట్టింది. మోచేతులు బల్ల మీద పెట్టుకుని, పచ్చిమిరపకాయ అడిగి తెప్పించుకుని, ముద్ద తర్వాత ముద్ద. ఇంట్లో తల్లికి వడ్డించాక ఎప్పుడో పొయ్యి దగ్గర నిలబడి మిగిలింది తినే మనిషి. ఇది చిన్నప్పుడు ఎలా తినేదో కూర్మమ్మ గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు.

ఇంతలో సుగంధి చెయ్యి తల్లి మోచేతి కిందుగా దూరి గీత దాటింది. కోడికూర అడుగున ఎర్రగా నానిన ముక్కను పట్టుకుంది. రెండో కొస అప్పటికే జగదీష్ వేళ్ళలో ఉంది.

"అది నా యేపుది లా," అన్నాడు, మాట చివర మలయ్ తోక తగిలించి.

"ఇప్పుడు నాది."

ఎవరూ వదల్లేదు. ముక్క మధ్యకు చిరిగింది. పెద్దది తనకొచ్చిందని చూసుకుని సుగంధి నోట్లో పెట్టుకుంది.

కూర్మమ్మ చాలాసేపు కూతుర్నే చూసింది. కంచాల దగ్గర నలుగురు మగాళ్ళను చూసింది గాని, దీన్ని ఎప్పుడు చూసింది?

లోపల కాఫీ గింజలు వేగుతున్న వాసన వచ్చింది. కూర్మమ్మ లేచింది. ఆ గింజలు ఎలా ఏపుతారో చూసొస్తానంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"పళ్ళెంలో మిగల్సకండి. బువ్వం మిగిల్తే మంచిది కాదు."

జగదీష్ చెయ్యి పళ్ళెం మీద ఆగిపోయింది. సుగంధి తల్లి కుర్చీని కాలితో పక్కకు నెట్టి, పళ్ళేన్ని ఇద్దరి మధ్యకూ జరిపింది.