మనదేనండీ, కూర్చోండి

ఒక్క అక్షరం తేడాతో మా ఆయన ముప్ఫై ఏళ్ళ గది పోగొట్టుకున్నారు. "మా" అనాల్సిన చోట "మన" అన్నారు, అంతే. నేను మాత్రం ఇప్పటికీ మా ఆయన అనే అంటాను, మన ఆయన అనను. ఎక్కడ పంచుకోవాలో ఎక్కడ పంచుకోకూడదో ఆమాత్రం తెలివి నాకుంది, ఆయనకే లేదు.

ఆయన పని కుట్టుమిషన్లు బాగుచేయడం. ఆయన గది ఉన్న బిల్డింగులో ముందున్న మూడు హాళ్ళలో చొక్కాలు కుట్టే కంపెనీ ఉండేది. వెనక సందులోకి తలుపున్న గది మాది. కంపెనీ రాకముందే బిల్డింగు ఓనరు, పెద్దాయన, నోటిమాట మీద ఇచ్చారు. తర్వాత కంపెనీకి లీజు రాసిచ్చేటప్పుడు కాగితంలో "బిల్డింగు మొత్తం" అని పడిపోయింది. చూసినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు. పెద్దాయన పోయారు. కొడుకుని అడిగితే ఆ మాట తనకు తెలియదన్నాడు.

గదికి ఇంకో తలుపు కంపెనీ హాల్లోకి ఉంది. దాని గడియ మా ఆయనే పీకేశారు. కంపెనీలో కుట్టే ఆడపిల్లలు పాడైన మిషను తల రెండు చేతులతో మోసుకొస్తే గడియ ఎవరు తీస్తారు, భుజంతో తోసుకుని వచ్చేయాలి కదా అని ఆయన వాదన. గడియ ఊడిన చోట నాలుగు మేకు రంధ్రాలు మిగిలాయి. కోర్టులో వాటి గురించి కూడా అడిగారు, గడియే లేకపోతే గది వేరెలా అవుతుందని.

కంపెనీ మునిగింది. మిగిలిందంతా అమ్మి అప్పులవాళ్ళకు పంచడానికి కోర్టువారు ఒక లిక్విడేటరుని పెట్టారు. ఆయన తరఫున కళ్ళజోడు ఆఫీసరొకాయన హాళ్ళన్నీ తిరిగి, కుర్చీకో చీటీ, ఫ్యానుకో చీటీ అంటించి, చివరికి గడియ లేని ఆ తలుపు తోసుకుని మా గదిలోకి వచ్చాడు. మనిషి చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడట. మా ఆయన స్టూలు తుడిచి ముందుకు జరిపారు.

"ఈ గది ఎవరిదండీ?" అన్నాడట ఆఫీసరు.

"మనదేనండీ, కూర్చోండి."

"ఈ మిషన్లు?"

"అన్నీ మనవేనండీ. మంచినీళ్ళు తాగుతారా?"

ఆయన నీళ్ళు తాగాడు, రాసుకున్నాడు, చదివి వినిపించాడు, ఈయన సంతకం పెట్టారు. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకెళ్తే, "పాపం, మంచి మనిషి. మన గదిలో గాలి బాగా వస్తుందన్నాడు," అని మురిసిపోతూ చెప్పారు.

మూడు వారాలకు నోటీసు వచ్చింది. కంపెనీ గదిని మేం ఆక్రమించుకుని ఉన్నామట. మిగిలిన ఆరేళ్ళ లీజుని ఒక గోడౌను వాళ్ళకి ఇస్తున్నారు, వాళ్ళకి బిల్డింగు మొత్తం ఖాళీగా కావాలి. ఆ గది పోతే మాకు వేరే ఆధారం లేదు. మిషను బాగుచేయించుకునే వాళ్ళందరికీ తెలిసింది ఆ సందూ ఆ తలుపే. అరవై దాటిన మనిషి ఇంకో వీధిలో బోర్డు పెట్టుకుని ఈగలు తోలుకోవాల్సిందే.

"నా గది అని నోరారా చెప్పలేకపోయారా?" అని అరిచాను.

"మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడే. మాది అంటే నువ్వు బయటికి నడువు అన్నట్టు ఉండదూ?"

"ఉండాలి. అలాగే ఉండాలి."

ఆయన నూనె డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నారు.

మేం ఖాళీ చేయలేదు. మా బాబాయి వరస ఒకాయన ప్లీడరు, ఆయన కేసు పట్టుకున్నాడు. కోర్టులో అవతలి లాయరు ఈయన సంతకం పెట్టిన కాగితం చదివి, "మన అంటే ఎవరండీ? మీరూ, ఎవరూ?" అని అడిగాడు.

"నేనూ, ఆయనా," అన్నారు మా ఆయన, వెనక బెంచీలో ఉన్న కళ్ళజోడు ఆఫీసరుని చూపిస్తూ.

అందరూ నవ్వారు. మా బాబాయి మాత్రం తల పట్టుకున్నాడు. ఆఫీసరు ఎవరి తరఫున వచ్చాడు? కంపెనీ తరఫున. అంటే గది కంపెనీదని ఈయనే ఒప్పుకున్నట్టు. జడ్జిగారు మంచావిడ. "అలా ఎందుకన్నారు?" అని మెల్లగా అడిగింది. నాకు చెప్పిందే ఆమెకీ చెప్పారు. ఆమె నవ్వలేదు. కాగితం ఇంకోసారి చదివింది.

"మర్యాదకి అన్నారని నాకు అర్థమైంది. నేనైనా అలాగే అంటానేమో. కానీ లీజులో మొత్తం అని ఉంది, మీరు సంతకం పెట్టిన కాగితంలో మన అని ఉంది. మాది అన్న కాగితం ఒక్కటైనా చూపించండి," అంది.

ముప్ఫై ఏళ్ళ మనిషిని చూపించగలం గానీ కాగితం ఎక్కణ్ణించి తెస్తాం. శుక్రవారానికల్లా గది అప్పజెప్పాలని తీర్పు. సొంత సామాను తీసుకెళ్ళచ్చు, ఒక్కో వస్తువూ తనదేనని ఒప్పుకుని సంతకం చేయాలి. వేరేవాళ్ళ మిషన్లుంటే ఆ వేరేవాళ్ళే రుజువులు పట్టుకుని కోర్టుకి రావాలి.

గురువారం రాత్రి ఆయనకి పాఠం చెప్పాను. "ఇది ఎవరిది అంటే నాది అనండి. ఇంకొక్క ముక్క వద్దు." తల ఊపారు. పెళ్ళయి ముప్ఫై ఆరేళ్ళు, ఆ నోట ఆ మాట నేను విన్నది లేదు. తినే కంచాన్ని కూడా మన కంచం అంటారు.

శుక్రవారం కళ్ళజోడు ఆఫీసరే వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. మా ఆయన వైపు సూటిగా చూడలేక ఒక్కో వస్తువునూ పెన్నుతో చూపించాడు. స్టూలు, పనిముట్ల పెట్టె, నూనె డబ్బా, గోడ గడియారం. "నాది" అన్నారు మా ఆయన. అన్న ప్రతిసారీ గొంతు ఇంకాస్త తగ్గింది.

చివరికి మూలన ఒక పాత నల్ల మిషను మిగిలింది. అది బొత్తాలమ్మది. సందు చివర ఒంటి గదిలో ఉంటుంది, చూపు సగం పోయింది, చొక్కాలకి బొత్తాలు కుట్టి, చిరుగులు కలిపి బతుకుతుంది. మిగతావాళ్ళు నోటీసు సంగతి విని ఎవరి మిషన్లు వాళ్ళు తీర్పుకి ముందే పట్టుకుపోయారు. ఆమె రాలేదు, వచ్చినా మోయలేదు. నలభై ఏళ్ళ కింద ఎవరో వాడి ఇచ్చిన మిషనుకి ఆమె ఏం రుజువు తెస్తుంది?

"ఇది?" అన్నాడు ఆఫీసరు.

ఈయన అబద్ధం ఆడరు, ఆడటం రాదు.

"నాది," అన్నారు. ఆ ఒక్కసారే గట్టిగా అన్నారు.

ఆఫీసరు మిషను మీద సుద్దతో రాసి ఉన్న ఆమె గుర్తు చూశాడు, గుండ్రంగా నాలుగు చుక్కల బొత్తాం బొమ్మ. టిక్కు పెట్టి, సంతకానికి కాగితం ముందుకు జరిపాడు. సందువైపు తలుపుకి తాళం పడి, దాని మీద సీలు పడింది.

ఆ మిషను భుజాన వేసుకుని ఆయన ముందు నడిచారు, పనిముట్ల పెట్టెతో నేను వెనక. బొత్తాలమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది. మిషను ఆమె ముందు దింపి, చక్రం ఒకసారి తిప్పి చూపించారు.

"నేనే వచ్చేదాన్ని కదా నాయనా, మోసుకొచ్చావెందుకు? షాపు ఎవరు చూస్తున్నారు?" అంది.

"మా షాపు పోయిందమ్మా," అన్నారు.

మా. మూడు నెలలుగా నేను నెత్తీ నోరూ కొట్టుకుని నేర్పించిన మాట, ఇప్పుడు వచ్చింది.

చక్రం తడుముతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. సరిగా కనపడని ఆ కళ్ళతో సందు అవతలి చివరికి చూస్తూ, "మన షాపు పోయిందా?" అంది.

ఆయన ఆ గడప మీదే ఆమె పక్కన కూలబడ్డారు. ఆ మాటని ఇన్నాళ్ళూ ఎన్ని తిట్లు తిట్టానో తలుచుకుంటే నాకు ఏడుపు ఆగలేదు.