శ్రుతి దిగిందా, లేదా?

చిట్యాలలోని అత్తగారింటికి వచ్చిన కొత్తలోనే కోమలకు ఒక సంగతి తెలిసింది. తోడికోడలు మంజులత వంటింట్లో ఇయర్‌ఫోన్లు తగిలించుకుని వినేవి సినిమా పాటలు కావు. మాటలూ తాళమూ లేకుండా, ఒకే శ్రుతి గంటసేపు గుయ్యిమని సాగే డ్రోన్ సంగీతం. నల్గొండ హాస్టల్లో కోమల దుప్పటి కప్పుకుని ఒంటరిగా విన్నదీ అదే. సంతోషంతో ఆమె చేతిలోని ఉల్లిగడ్డ జారి గ్యాస్ బండ వెనక్కి దొర్లింది.

"అక్కా, నువ్వు గిది వింటవా!"

"నీకు ఎర్కేనా గిది?" మంజులత కళ్లు ఇంతలేసి చేసుకుంది.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే బగారా అన్నం దమ్ముకు వేసి, ఇద్దరూ స్పీకరు ముందు చేరారు. మంజులత తన ప్రాణమైన ఆల్బం పెట్టింది. అట్ట మీద మంచుకొండ బొమ్మ. అత్త బిక్షమ్మ గడపలో నిలబడి కాసేపు చెవి ఒగ్గింది.

"పాట ఎప్పుడు షురువైతదే?"

"గిదే పాట, అత్తా."

"అయ్యో బిడ్డా," అని జాలిపడి వెళ్లిపోయింది.

ఆల్బం ముగిసింది. "ఎట్లుంది?" అంది మంజులత.

కోమలకు నచ్చలేదు. ఈ ఇంట్లో దొరికిన మొదటి స్నేహం ఇది. మంచిగుంది అనేస్తే గొడవే లేదు. కానీ అట్లా అంటే ఇక ప్రతి ఆదివారం అబద్ధాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వినాలి.

"తియ్యగున్నదక్కా. మరీ తియ్యగ. యెనక వయొలిన్లు పెట్టి మనల్ని ఏడిపియ్యాలని చూస్తాండు. ఆయనదే ఇంకో ఆల్బం, బూడిదరంగు అట్టది, వినాలె నువ్వు. అండ్ల బతిమాలుడు ఉండదు."

మంజులత మొహం ముడుచుకుంది. అన్నం చూసే వంకతో కోమల సగం లేచింది.

"బూడిదరంగుదా? విన్న," అంది మంజులత చివరికి. "గదీ ఒక సంగీతమేనా? ఫ్రిజ్జుకు ఆనుకోని పండుకున్నట్టుంటది!"

"ఫ్రిజ్జే నయం. నీ మంచుకొండ ఐస్‌క్రీమ్ బండి!"

"ఓసినీ!" మంజులత గరిటె ఎత్తింది, కొట్టబోయి నవ్వు ఆగక అక్కడే కూలబడింది. "ఎంతమందికి వినిపిచ్చిన్నో. అందరు మంచిగుంది అనుకుంటనే లేచిపోయిండ్రు. నువ్వొక్కదానివే ఆఖరుదాంక కూసోని తిడ్తున్నవ్."

"ఇంకా తిడ్త, కూసో."

"తిట్టు గని, నడిమిట్ల శ్రుతి జర కిందికి దిగింది. గదన్న విన్నవా?"

"యాడ దిగింది? హైవే మీద లారీ పోయింది."

"లారీ కాదు!"

"లారీనే!"

మళ్లీ పెట్టారు. తలలు తగిలేలా చెరో చెవీ స్పీకరుకు ఆనించారు. మంజులత వేలెత్తి "గదో!" అంది. కోమల "గది ఆటో!" అంది.

"ముద్దుగ వినుండ్రి! గాడ అన్నం మాడుతాంది!" బిక్షమ్మ అరుపుకు ఇద్దరూ ఒక్కసారే లేచి, ఒకే మూత పట్టుకుని, చేతులు కాలి ఒకే కేక పెట్టారు.

మధ్యాహ్నం గిన్నె అడుగు గోకుతూ మంజులత గొణిగింది: "దిగింది."

"లారీ," అంది కోమల, నోటినిండా మాడు పెట్టుకుని.