పంపకంలో పడిన చార్జర్

సరుకు కొనేటప్పుడే లాభం తేలిపోవాలన్నది నా లెక్క. సెల్‌ఫోన్లు కూలీల చేతుల్లోకి కూడా వస్తున్న రోజుల్లో ఆ లెక్క ఒకసారి తప్పింది. హైదరాబాదులో చవకగా దొరికాయని లావు పిన్ను చార్జర్లు అట్టపెట్టె నిండా తెచ్చాను. తెచ్చాక తెలిసింది, కొత్త ఫోన్లన్నీ సన్న పిన్నుకు మారిపోయాయని. బీరంగూడలో నా కొట్టుకు వచ్చినవాళ్లంతా పిన్ను చూసి పెదవి విరిచేవాళ్లే.

ఒక సాయంత్రం చిన్నరాములు వచ్చాడు. ఒక చేతిలో పాత ఫోను, ఇంకో చేతిలో సన్న పిన్ను చార్జర్. పిన్నుకు ఎర్రదారం చుట్టి ఉంది.

"ఏంటయ్యా ఇది?"

"ఫోను బొక్క పెద్దగుంది, సత్తిబాబు సేటు. పార కామ వదులైతే గుడ్డ సుట్టమా? గట్ల సుట్టిన. సార్జి ఎక్కుతలేదు."

"చార్జర్ దగ్గర పెట్టుకుని కొనాలి కదా ఫోను!"

"సార్జరు ఇంట్ల దాసి పోయిన. మా అన్న ఎత్కపోతడని."

ఆ అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దమనుషులు ఇంట్లో ఉన్న ఒక్క ఫోనునూ న్యాయంగా పంచారు. ఫోను పెద్దరాములుకు, చార్జర్ చిన్నరాములుకు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. వాటాకు వచ్చిన చార్జర్ వృథా పోకూడదని చిన్నరాములు దానికోసం ఫోను కొన్నాడు.

నాకు బేరం కనబడింది. లావు పిన్నుది ఇచ్చి, సన్న పిన్నుది తీసుకున్నాను. అతని ఫోనును కొట్లో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గులో పెట్టాను. ఒక గీత ఎక్కిందో లేదో, పెద్దరాములు పరుగున వచ్చాడు. తమ్ముణ్ని చూసి అటు తిరిగి నిలబడ్డాడు.

"జల్దీ సన్న పిన్ను సార్జరియ్యి సేటు. ఇన్ని దినాలు దోస్తు కాడ సార్జి పెట్టుకున్న, ఆడు ఊరికి పోయిండు. ఆరింటికి కాంట్రాక్టరు ఫోన్ జేస్తడు. నిన్న నా ఫోను బందుందని ఇంకోన్ని తీస్కపోయిండు. ఇయ్యాల గూడ బందుంటే ఇగ పనికే పిలవనన్నడు."

దారం విప్పి చార్జర్ అతని ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ మూల మా అమ్మ పొయ్యి కాడ పెట్టి కరగబెట్టింది! మా ఇంటి సొమ్ము నాకే అమ్ముతవా?"

"ఇప్పుడది నా కొట్టు సరుకయ్యా."

"సేటు, ఆయనకు సెప్పు," అన్నాడు చిన్నరాములు గోడకేసి చూస్తూ. "ఆరైతున్నది, లొల్లి తర్వాత. నాది గుంజి ఆయనది పెట్టు. నాకు ఫోన్ జేసెటోడు ఎవడున్నడు?"

మార్చాను. పెద్దరాములు ఫోను వెలిగింది, కాసేపటికి మోగింది.

"ఆ సార్... వస్త సార్... ఇంకొకడా? అడిగి సూస్త సార్."

పెట్టేసి, ఇటు తిరగకుండానే, "సేటు, ఆయన నంబరెంత?" అన్నాడు. సిమ్ము అమ్మింది నేనే, చెప్పాను.

చిన్నరాములు ఫోను మోగింది. ఉలిక్కిపడి ఎత్తాడు.

"అలో, ఎవరు?"

"నేను పెద్దరాములును. రేపు డ్యూటీకి ఇంకో మనిషి కావాల్నట. వస్తవా?"

"ఏం పని?"

"బస్తాలు దించుడు."

"అమ్మకు సెప్పినవా?"

"ఇంటికి పోయి సెప్దాం తీ..."

మాట తెగింది. పెద్దరాములు ఫోనులో డబ్బులు అయిపోయాయి. చెవుల దగ్గర ఫోన్లు అలాగే పెట్టుకుని ఇద్దరూ ఇటు తిరిగారు. మొహాలు ఎదురుపడ్డాయి.

చార్జర్ ధర అడగబోయి ఆగాను. పక్కపక్కన నిలబడి ఫోనులో మాట్లాడుకునే అన్నదమ్ములతో చార్జర్ దగ్గర పేచీ పెట్టుకుంటే నష్టం నాదే. దాన్ని పెద్దరాములు చేతిలో పెట్టి, డ్రాయరు లాగాను.

"రీచార్జి కార్డు ఎవరి లెక్కలో రాయమంటారు?"

"ఆయన లెక్కల," అన్నారు ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటూ.