ఒకటే వరుస

ఎండు కొర్రగడ్డి మంటమీద తప్పెటను అటూ ఇటూ తిప్పి, నాగులు చర్మాన్ని వేలి గణుపుతో కొట్టి చూశాడు. ఇంకా మెత్తగానే పలికింది. రాత్రి నల్లమల మీదినుంచి దిగిన మంచుకు చర్మం చెమ్మ పట్టింది. ఇంకో పిడికెడు గడ్డి వేసి, మంట ఎగసినప్పుడు దగ్గరకూ, తగ్గినప్పుడు దూరానికీ జరుపుతూ కాచాడు. పొగ కళ్ళలోకి పోతున్నా మొహం తిప్పుకోలేదు. ఈసారి కొడితే ఖంగుమన్నది.

పొడుగాటి మనిషి. ఎముకలమీద చర్మం తప్ప కండ అనేది ఎప్పుడూ పట్టలేదు. ఏళ్ళ తరబడి తప్పెట తోలుపట్టీ ఒకే భుజాన వేసుకోవడంవల్ల ఎడమ భుజం కుడి భుజానికి ఎప్పటికీ సమానం కాకుండా పోయింది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. ఈ చలికాలంలో నాలుగడుగులు గబగబా వేస్తే రొమ్ములో పట్టినట్టై ఆగాల్సి వస్తున్నది. గొంతు మాత్రం ముసలిది కాలేదు. పెద్దారవీడులో ఈ చివర పిలిస్తే ఆ చివర దూడలు తల ఎత్తేవి.

ఆ గొంతుతో అతను చాటనిది లేదు. శిస్తులు కట్టమని చాటాడు. కలరా సూదులు వేయించుకోమని చాటాడు. తప్పిపోయిన ఎనుముల గుర్తులు చాటాడు. దొరల సీమలో యుద్ధం అయిపోయిందనీ, చక్రవర్తికి పట్టాభిషేకమనీ, ఎవరో ఏమో తెలియకపోయినా ఊరూరూ తిరిగి చాటాడు. జ్వరాల ఏడు, ఎవరూ ఇల్లు కదలొద్దని సర్కారు చెప్పమంటే ఆ మాట చాటుతూ అతనే ఇల్లిల్లూ కదిలాడు. తిరిగొచ్చేసరికి ఇద్దరు పిల్లలూ చల్లబడి ఉన్నారు. మర్నాడు మళ్ళీ తప్పెట తీసుకుని పోయాడు. అది వెట్టి మాన్యం. వాగు పక్కన తండ్రి ఇచ్చిపోయిన ఆ రాతిచెక్క దున్నుకున్నందుకు ఊరి మాట మోయాలి. మోశాడు. ఎవరి మాట వాళ్ళకు అప్పగించినట్టు, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీయకుండా మోశాడు. వీధిలో తప్పెట వినపడితే నాగులు వస్తున్నాడని ఎవరూ అనరు. చాటింపు వస్తున్నదంటారు.

ఇంతా చేసి ఆ మాన్యమే ఈ ఏడు అతనికి ఓటు తెచ్చిపెట్టింది. ఊరికి ఎడంగా, అంటరానివాళ్ళుండే తన పల్లెలో ఇంకో కొద్దిమందికి కూడా, ఇంటిపన్ను కట్టినందుకు, ఓట్లు వచ్చాయి.

"గంజి తాగి పో," అంది పోలమ్మ, ముంత అందిస్తూ. "ఈ పొద్దు ఊరంతా తిరగాల. నీ రొమ్ము ఎట్లుంది?"

"ఉంది లే," అన్నాడు. ఇంట్లో అతని మాటలు అంతే.

మునసబు ఇంటికి పోవాలంటే వెంకటస్వామి శెట్టి దుకాణం ముందునుంచే దారి. తెల్లారకముందే అరుగుమీద సభ కూడింది. శెట్టి తెల్ల ఖద్దరు టోపీ పెట్టుకుని పత్రిక ఒళ్ళో పరుచుకున్నాడు. ఎదురుగా తన మనుషులు తెచ్చి వేసిన కుర్చీలో పెద్దిరెడ్డి కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన జస్టిస్ పార్టీ. ఓట్లేసే పెట్టెల్లో ఎర్రది ఆయనది. పసుపు పెట్టె కాంగ్రెసుది, అంటే శెట్టిది. నెలనుంచి వాళ్ళిద్దరి వాదం వినని గోడ ఊళ్ళో లేదు.

"ఇది ఊరి ఎలక్షను గాదు రెడ్డీ, మద్రాసు రాజధాని ఎలక్షను," అంటున్నాడు శెట్టి. "ఇచ్ఛాపురం కాడ మొదలుబెట్టు. ఆ కొస తిన్నవెల్లి, ఈ కొస మలబారు. అరవోళ్ళు, కన్నడమోళ్ళు, మనోళ్ళు, అందరూ దాంట్లోనే. ఇంత పెద్ద రాజధాని ఎటు ఒరిగితే ఢిల్లీ అటు ఒరగాల్సిందే. ఈడ పెట్టె నిండితే ఆడ లాటుదొర కుర్చీ కదుల్తాది."

"అంత పెద్ద మద్రాసుకు మనూరు కనపడ్తాదా శెట్టీ? మార్కాపురం దోవకు కంకర పోయించింది మా జిల్లా బోర్డోళ్ళు. నడీదిలో బావి తవ్వించింది మా బోర్డోళ్ళు. నీ గాంధీ వచ్చి తవ్వినాడా?"

"లండనుకు సలాం కొట్టి తవ్వినారు."

"జైలుకు పోయొచ్చినోడికి రాజ్యమేలడం వస్తాదా?"

"జైలుకు పోనోడికి రాజ్యమంటే ఏందో తెలస్తాదా?"

అరుగుమీది వాళ్ళు నవ్వారు. నాగులు కింద, వీధిలో నిలబడి విన్నాడు. ఆ బావి తవ్వినప్పుడు చాటింది తనే. దాని నీళ్ళు తన పల్లెవాళ్ళను ఒక్క కడవ తోడుకోనివ్వలేదు. శెట్టి గాంధీ మాట ఎంత ముద్దుగా చెప్పినా, చింతపండు మాత్రం చెయ్యి తగలకుండా ఎత్తునుంచే పల్లెవాళ్ళ పైగుడ్డలోకి జారవిడుస్తాడు. ఇద్దరి మాటా నిజమే అయ్యుండొచ్చు. మద్రాసు పెద్దదే అయ్యుండొచ్చు. ఆ పెద్దతనంలో తాను ఎక్కడుంటాడో మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

పెద్దిరెడ్డి కన్ను అతనిమీద పడింది.

"ఒరే నాగులూ. మీ పల్లె ఓట్లు పైటాల పొద్దు వాలినాక రావాల. ఊరోళ్ళంతా ఏసి పోయినాక. బడి ఎనక దొడ్డి వాకిలుంది, ఆ పక్కనించి పిలిపిస్తాం. ఏ పెట్టెనో మీకు నేను చెప్పబనిలే."

నాగులు శెట్టి వైపు చూశాడు. శెట్టి పత్రిక మడిచాడు. "అదీ మంచిదేలే," అన్నాడు. "రచ్చ లేకుండా జరిగిపోతాది."

నెలనుంచి దేనికీ కుదరని ఆ ఇద్దరికీ దాని దగ్గర మాత్రం కుదిరింది.

మునసబు వాకిట్లోకి కూడా రాకుండా లోపలినుంచే కేకేసి చెప్పాడు: బడిలో కర్నూలునుంచి వచ్చిన ఆఫీసరున్నాడు, ఏమని చాటాలో ఆయన్నే అడుగు. నాగులు బడి వాకిట్లోకి పోయి, మెట్లకు దూరంగా నిలబడ్డాడు. ఆఫీసరు చిన్నవాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ, బంట్రోతు చేత లోపల తడికెలు కట్టిస్తున్నాడు.

"దొరా, ఏమని చాటమంటారు?"

"పొద్దుగూకేదాకా ఓట్లు వేయవచ్చు, ఓటున్నవాళ్ళు బడికి రావాలి అని చాటు."

అంతే. అది చాలు. ఎప్పుడైనా అంతటితో వెనక్కి తిరిగేవాడే. తన బతుకులో చెప్పినమాట మీద ఇంకోమాట అడిగి ఎరగడు. కాళ్ళు కదలలేదు. రొమ్ములో ఆ పట్టు మళ్ళీ వచ్చి, సడలింది.

"వరుస ఎట్ల దొరా? ఒకటా, రెండా?"

ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుని అతన్ని చూశాడు. "రెండెందుకు? ఒకటే వరుస. ఎవరు ముందు వస్తే వాళ్ళు ముందు."

"ఎవురైనానా దొరా?"

"ఓటున్నవాళ్ళు ఎవరైనా."

"ఏ వాకిలి గుండా?"

"ఉన్నది ఇదొక్కటే కదయ్యా తెరిచింది."

"అట్లనే చాటమంటారా?"

"అట్లాగే చాటు," అన్నాడు ఆఫీసరు. ఆ మాటలో ఏముందో ఆయనకు తెలిసినట్టు లేదు. తడికె సరిగ్గా నిలబడలేదని బంట్రోతుమీద విసుక్కుంటూ లోపలికి పోయాడు.

చాటింపు ఎప్పుడూ బడి మలుపునుంచి మొదలయ్యేది. ఆ పొద్దు నాగులు మలుపు దాటి, రెడ్ల వీధి నడుమకు పోయి, పెద్దిరెడ్డి ఇంటి గడపకు ఎదురుగా నిలబడ్డాడు. పుల్ల ఎత్తాడు. తప్పెట మీద ఒక్కటి వేశాడు. దెబ్బకు గోడలమీది పావురాలు లేచిపోయాయి.

"అయ్యలారా, అమ్మలారా, ఇనండి. ఈ పొద్దు బడికాడ ఓట్లు. పొద్దుగూకేదాకా ఏయొచ్చు. వరుస ఒకటే. వాకిలి ఒకటే. ఎవురు ముందొస్తే వాళ్ళు ముందు. ఊరోళ్ళైనా, పల్లెవోళ్ళైనా, ఓటున్నోళ్ళు ఎవురైనా. ఇది సర్కారు మాట."

తలుపులు తెరుచుకున్నాయి. పెద్దిరెడ్డి, శెట్టి దుకాణం దగ్గరినుంచి పై పంచ సవరించుకోకుండానే వచ్చాడు. వెనకాలే శెట్టి.

"ఎవురు చెప్పమన్నార్రా ఆ మాట?"

"సర్కారు రెడ్డీ. నేను చాటింపును."

"మాన్యం గుర్తుందా నీకు?"

"ఉంది రెడ్డీ. చాటేదానికే గదా ఇచ్చినారు."

పెద్దిరెడ్డి ఇప్పుడు పై పంచ సవరించుకున్నాడు. సర్కారు మాటను ఊరి నడివీధిలో కాదనడం ఆయన అలవాటు కాదు. బోర్డు తమదేనని నెలపాటు చెప్పుకున్న మనిషి. నాగులు ఇంకోసారి పుల్ల ఎత్తి, అదే మాట, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీయకుండా, మళ్ళీ చాటాడు. ప్రతి వీధిలో చాటాడు. శెట్టి దుకాణం ముందు రెండుసార్లు చాటాడు. అడుగుకో ఆయాసం వస్తున్నది, గొంతు మాత్రం ఎక్కడా జీర పోలేదు. తన నోట్లోంచి వస్తున్న మాట తన చెవులకు బాగుండడం అతనికి అదే మొదలు.

పల్లెలోకి వచ్చేసరికి ఓటున్నవాళ్ళంతా వేపచెట్టు కింద చేరి ఉన్నారు. పినతండ్రి కొడుకు చెంచయ్య మొహం పాలిపోయింది.

"మనల్ని బతకనిస్తారా అన్నా? పైటాల పోదాం. ఎనక వాకిలే మనకు అలవాటు గదా."

"ఎనక వాకిలి మూసినారు చెంచయ్యా," అన్నాడు నాగులు. "దొరనే చెప్పినాడు. నేను ముందుంటా, రా."

పోలమ్మ లోపలికి పోయి, చూరులోంచి ఒక చెప్పుల జత తెచ్చి అతని కాళ్ళ ముందు పెట్టింది. కిందటేడు చచ్చిన కోడె తోలుతో నాగులు తనకోసం కుట్టుకున్నవి. పెద్దిరెడ్డి చెప్పులు కుట్టిన చేతులే కుట్టాయి. రెడ్ల వీధిలో పల్లెవాళ్ళు చెప్పులు వేసుకోరు గనక అవి ఆమె చూరులోనే పెట్టి ఉంచింది. నాగులు వాటివైపు చూసి, ఆమెవైపు చూసి, కాళ్ళు దూర్చాడు. కొత్త తోలు కిర్రుమన్నది. ఆ కిర్రు పల్లెలోంచి, నడివీధిలోంచి, బావి పక్కనుంచి, బడిదాకా వినపడింది. వెనకాల తక్కినవాళ్ళు, అందరికీ చివర చెంచయ్య. అరుగులమీదివాళ్ళు చూశారు.

బడి వాకిట్లో శెట్టి వరుసలో ఉన్నాడు. నాగులు పోయి ఆయన వెనక నిలబడ్డాడు. శెట్టి మెడ తిప్పి చూసి, ఒక అడుగు ముందుకు జరిగి, ముందున్నవాడి వీపు తగిలి ఆగిపోయాడు. ఆలస్యంగా వచ్చిన పెద్దిరెడ్డి వరుసలోకి రాకుండా కాసేపు నీడపట్టున పచార్లు చేశాడు. ఆఫీసరు గడపలోకి వచ్చి "వరుసలో నిలబడాలండీ" అని, ఎవరినీ చూడకుండా, అందరికీ కలిపి అన్నాడు. పెద్దిరెడ్డి వచ్చి చెంచయ్య వెనక నిలబడ్డాడు. చెంచయ్య చెవులు ఎర్రబడ్డాయి. వరుస మాత్రం చెదరలేదు.

మెట్ల దగ్గర అందరూ చెప్పులు విడిచినట్టే నాగులూ విడిచి, లోపలికి అడుగుపెట్టాడు. ఎన్నో ఏళ్ళు బయటినుంచే చూసిన గది. నేల చల్లగా ఉంది. సున్నం వాసన. గోడమీద రంగుల పటం ఒకటి, దాని పక్క అంతా నీలం సముద్రం.

"ఇదేంది దొరా?" అని బంట్రోతును అడిగాడు.

"మద్రాసు రాజధాని పటం," అన్నాడు బంట్రోతు, కాగితం చేతికిస్తూ.

అంత పటంలో తమ ఊరు ఎక్కడుందో నాగులుకు తెలియదు. తాను నిలబడ్డచోటే ఉందనుకున్నాడు. తడికె వెనక పెట్టెలు వరుసగా ఉన్నాయి. అక్కడ అతన్ని చూసేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. తొందరపడలేదు. కాగితం మడిచి, తనకు తోచిన పెట్టెలో వేసి, అది అడుగున పడ్డ చప్పుడు విని, బయటకు వచ్చాడు.

శెట్టి గోడవారగా కాచుకుని ఉన్నాడు. "పసుపే గదా నాగులూ?"

వరుసలోంచి పెద్దిరెడ్డి చెవి ఒగ్గాడు.

"పెట్టెలోనే ఏసినా సామీ," అన్నాడు నాగులు. వరుసలో ఉన్న పల్లెవాళ్ళు ముందు నవ్వారు. ఆపుకోలేక ఊరివాళ్ళూ నవ్వారు.

వెంటనే, గోడవార ఆనించి పెట్టిన తప్పెట అందుకున్నాడు. ఇంకా రానివాళ్ళను పిలవాలని మళ్ళీ ఊరంతా తిరిగాడు. ఈసారి నడకలోనే దరువు ఉంది. పద్మమ్మ అనే ముసలి విధవ, తన పేర ఇల్లున్నా గడప దాటనని భీష్మించుకున్నది, ఆ దరువు విని కర్ర తీసుకుని బయలుదేరింది. సాయంత్రానికి పల్లెలో ఓటున్నవాళ్ళలో వేయనివాడు లేడు.

పొద్దు కొండల వెనక్కి జారుతుండగా ఇల్లు చేరాడు. పోలమ్మ కాళ్ళకు నీళ్ళు పోస్తూ చూసింది.

"చెప్పులేవి?"

"బడికాడ మరిసినా." అలవాటులేని కాళ్ళు, అలవాటుగా వట్టివే నడిచొచ్చాయి. "రేపు తెచ్చుకుంటాలే."

జొన్న సంగటిలో పుంటికూర పులుసు పోస్తే, ముద్ద ముద్దకూ మాట్లాడాడు. ఆమెకు ఆశ్చర్యమేసింది. పటం సంగతి చెప్పాడు, పెద్దిరెడ్డి నిలబడ్డ సంగతి చెప్పాడు, చెంచయ్య చెవుల సంగతి చెప్పి దగ్గొచ్చేలా నవ్వాడు. చెయ్యి కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చుని, "ఈ పొద్దు నా గొంతు బాగుండె గదే పోలీ?" అన్నాడు.

"కొండదాకా పోయింది," అంది ఆమె. గిన్నెలు కడిగి వచ్చేసరికి అతను అట్లాగే ఆనుకుని ఉన్నాడు. మొహంలో ఆ నవ్వు ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. ఆమె పేరు పెట్టి పిలిచింది. ఊరంతా వినే గొంతు పలకలేదు.

ఫలితాల కబురు మార్కాపురంనుంచి వచ్చేనాటికి అతన్ని పూడ్చిన మట్టి ఆరిపోయింది. మద్రాసు రాజధాని అంతా పసుపు పెట్టెలదేనని శెట్టి బెల్లం పంచాడు. ఇక ఢిల్లీ ఎంతసేపన్నాడు. పెట్టెలు గెలిచినంత మాత్రాన రాజ్యం రాదన్నాడు పెద్దిరెడ్డి. వాదం తెగక, నాగులు తమకే వేశాడని ఒకరంటే, చావబోయేముందు మనిషి ఉప్పు తిన్నచోటే వేస్తాడని ఇంకొకరన్నారు. అటుగా పోతున్న చెంచయ్య నిలబడి విని, నడివీధిలోంచే ఇంటికి పోయాడు.

చెప్పులు బడిలోనే ఉండిపోయాయని బడి పంతులు మనిషిని పంపితే పోలమ్మ వచ్చింది. మెట్ల దగ్గర నిలబడి ఆ జతను చూసింది. "తీసుకుపోతావా అమ్మా?" అన్నాడు పంతులు.

"ఆయన ఇడిసినకాడ ఉండనీ అయ్యా," అంది.

పంతులు రోజూ వాకిలి ఊడిపిస్తూ వాటి చుట్టూ ఊడిపించేవాడు. పెద్దమెట్టు పక్కన, అందరూ చెప్పులు విడిచేచోట, ఒక్కనాటి దుమ్ము మాత్రమే అంటిన ఆ కొత్త జత, మొనలు వాకిలివైపు పెట్టి, అట్లాగే ఉంది.